పెళ్ళి మంటపంలో పుట్టిన అనుమానం: సినిమా పాట తరానికొక మెట్టు దిగుతోందా?

అలిపిరి వాసి:

గత నెల తిరుచానూరు రోడ్డులోని ఒక కల్యాణ మంటపంలో మా చెల్లెలి కూతురి పెళ్ళి జరిగింది. ముందు రోజు రాత్రి రిసెప్షనులో రెండు గంటల సేపు పాటలు మోగాయి. నేను తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. నా చెవులకు ఇంకా ఏ లోటూ రాలేదు. అయినా ఆ రెండు గంటల్లో ఒక్క పల్లవి కూడా మాట మాటగా నా చెవిన పడలేదు. మర్నాడు తాళి కట్టడం అయ్యాక, భోజనాలకు ఆకులు వేసే వేళకు, నాదస్వరం మీద అరవై ఏళ్ళ నాటి ఒక సినిమా పాట వరస వచ్చింది. వాద్యం కాబట్టి అందులో మాటలు ఉండవు. అయినా పప్పు వడ్డిస్తున్న కుర్రవాడి దగ్గర నుంచి నా పక్కన కూర్చున్న పెళ్ళికొడుకు మేనమామ దాకా అందరి పెదవులూ ఆ పాట మాటలతో కదిలాయి. ముందు రోజు మాటలున్న పాటల్లో మాట వినబడలేదు, ఈ రోజు మాటలు లేని వాద్యంలో వినబడింది. అప్పటి నుంచి ఈ విషయం నన్ను వదలడం లేదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఘంటసాల, సుశీల గార్ల కాలంలో పాటకు కవిత్వం వెన్నెముక. ఆ తరువాతి తరంలో బాణీ వెన్నెముక అయింది. ఇప్పుడు దరువు ఒక్కటే మిగిలింది. మూడు చరణాలు రెండయ్యాయి, రెండు ఒకటయ్యాయి, ఆ ఒక్కటీ ఎప్పుడు వచ్చి వెళ్ళిందో తెలియదు. ఇది ముసలివాడి చాదస్తమని కొట్టిపారేయకుండా, ఆధారాలతో కాదనగలిగినవారు కాదనండి.

స్వర్ణముఖి:

మాస్టారికి నమస్కారం. నేను తిరుపతి సంగీత కళాశాలలో చదువుకొని, ఇంటి దగ్గర పిల్లలకు పాఠం చెబుతున్నాను. మీరు పోల్చినవి రెండూ ఒక తక్కెడలో వేయదగినవి కావు. అరవై ఏళ్ళ కిందటి పాటల్లో మీరు ఆ రోజు విన్నది వడపోతలన్నీ దాటుకొని మిగిలినది. ఆ ఏడాది వచ్చిన మిగతా పాటలు ఏమయ్యాయి? హిందీ బాణీని ఉన్నదున్నట్టు దింపి, దానిలో తెలుగు మాటలను ఇరికించి పాడించిన పాటలు ఆ రోజుల్లోనూ కొల్లలుగా వచ్చాయి. నిర్మాతలు అడిగి మరీ పెట్టించుకున్నారు. వాటిని ఇప్పుడు ఏ పెళ్ళిలోనూ ఎవరూ వాయించరు కాబట్టి అవి లేనట్టే లెక్క. 1996లో ఈటీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’ వంటి కార్యక్రమాలు కూడా ఆ వడపోతను ఇంకా గట్టిపరిచాయి. పోటీకి వచ్చే పిల్లవాడు మంచి పాటనే ఎంచుకుంటాడు, గురువు మంచి పాటనే నేర్పుతాడు. కొత్త పాటలు మాత్రం తప్పా తాలూ వేరు కాకుండా కళ్ళంలో ఉన్నవి ఉన్నట్టే మన ముందుకు వస్తున్నాయి.

ఇంకొకటి. 1952లో బి.వి. కేస్కర్ కేంద్రంలో సమాచార, ప్రసార శాఖ మంత్రి అయ్యాక, సినిమా పాట జనం అభిరుచిని చెడగొడుతోందన్న అభిప్రాయంతో ఆకాశవాణి దానిని దాదాపుగా పక్కన పెట్టింది. జనం ఊరుకోలేదు, రేడియో సిలోన్‌కు మళ్ళారు. చివరికి 1957 అక్టోబరు 3న వివిధ భారతి ప్రారంభించి పాటను వెనక్కి పిలవవలసి వచ్చింది. ‘మల్లీశ్వరి’ వచ్చింది 1951 డిసెంబరులో. ‘మాయాబజార్’ వచ్చింది 1957 మార్చిలో. మీరు వెన్నెముక ఉందన్న పాటలు పుట్టిన ఆ అయిదారేళ్ళే ఢిల్లీ పెద్దల దృష్టిలో సినిమా పాట భ్రష్టు పట్టిన కాలం. (హార్మోనియం కూడా 1940 నుంచి మూడు దశాబ్దాల పాటు ఆకాశవాణిలో అంటరానిదైంది. నా హార్మోనియం మీద చెయ్యి వేసినప్పుడల్లా ఆ సంగతి గుర్తుకు వస్తుంది.)

మైకుసెట్టు:

ఇరవై ఆరేళ్ళుగా చంద్రగిరి చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు, తిరునాళ్ళకు మైకుసెట్టు కట్టినవాణ్ణి. సంగీతం నాకు రాదు. శబ్దం ఎలా వస్తుందో తెలుసు కాబట్టి ఆ వరకు చెబుతాను.

మా నాన్న కాలంలో ఊరికి ఒక బాకా స్పీకరు, దానిని కట్టడానికి ఒక వేపచెట్టు. బాకాలో లోతైన శబ్దాలు పలకవు. డోలు కొడితే తకతకమని రేకు మీద కొట్టినట్టే వినబడుతుంది. కానీ మనిషి గొంతు పలికే మధ్యస్థాయి దానికి చక్కగా అందుతుంది. అందుకే పొలంలో నీళ్ళు కట్టే మనిషికి కూడా రెండు ఫర్లాంగుల దూరం నుంచి పాటలోని మాట తెలిసేది. ఆ నాటి పాటలు కూడా దానికి తగినట్టే రికార్డయ్యాయి. గాయకుడు, వాద్యాలవారు ఒకే గదిలో ఒకేసారి వాయించి, పాడి, అంతా కలిసి ఒకే దారిలో మోనోగా వచ్చేది. గొంతు అన్నిటికంటే పైన కూర్చునేది. ఇప్పుడు మేము పెట్టేవి పద్దెనిమిది అంగుళాల బేస్ పెట్టెలు, నాలుగేసి. అవి మోగితే ముందు గుండె అదురుతుంది, మాట తరువాత సంగతి. కుర్రవాళ్ళు అడిగేదీ అదే. నేను బేస్ కాస్త తగ్గిస్తే వేదిక దిగి వచ్చి మరీ పెంచమంటారు. మాస్టారు విన్నది పాట కాదు, నాలాంటివాడి పెట్టె విన్నారు.

అయితే తప్పంతా పెట్టెదే అని కూడా నేను ఒప్పుకోను. మిక్సరు ముందు కూర్చుంటే ఒక విషయం చేతికే తెలుస్తుంది. పాత పాట తరువాత కొత్త పాట పెట్టవలసి వస్తే, అది మొదలయ్యే ముందే ఫేడరును, అంటే శబ్దం తగ్గించే మీటను, రెండు వేళ్ళ మందం కిందికి లాగాలి, లేకపోతే ముందు వరసలో కూర్చున్న ముసలివారు చెవులు మూసుకుంటారు. పాత పాటలో మెల్లగా ఉండే చోటు, గట్టిగా లేచే చోటు వేరువేరుగా ఉంటాయి; మీటరు ముల్లు ఊగుతూ ఉంటుంది. కొత్త పాటలో ముల్లు పైకి పోయి అక్కడే అతుక్కుంటుంది. గుసగుస కూడా కేక అంత గట్టిగా ఉండేలా అణచి, నింపి, బిగిస్తున్నారు. అన్నం మొత్తం ముద్దపప్పులా అయిపోతే మెతుకు ఎక్కడ కనబడుతుంది?

పుత్తూరు పాఠకుడు:

2023లో కీరవాణి గారికీ చంద్రబోస్ గారికీ ఒక తెలుగు పాటకు ఆస్కార్ వచ్చింది. దిగజారిన పాటకు ప్రపంచం చప్పట్లు కొట్టిందా?

అలిపిరి వాసి:

చప్పట్లు ఆ పాట ఊపుకు వచ్చాయి, అందులో నాకు ఆక్షేపణ లేదు. కానీ హాలులో ఉన్నవారిలో తెలుగు తెలిసినవారు ఎందరు? తెలుగు రానివాడు కూడా తలకెత్తుకున్నాడంటే ఆ పాట బలం మాటలో కాక దరువులో ఉందనే కదా అర్థం. మీరు నా వాదానికే సాక్ష్యం ఇచ్చారు.

లెక్కల పిచ్చి:

నేను చిత్తూరులో గణితం చెబుతాను. ఇలాంటి విషయాలను అంకెలతో తేల్చాలని ప్రయత్నించినవారు ఉన్నారు కాబట్టి రెండు పరిశోధనలను ఇక్కడ పెడుతున్నాను. రెండూ పాశ్చాత్య పాటల మీద చేసినవే. వాటిని మన పాటకు నేరుగా అతికించకూడదు. అయితే ఎలా కొలవాలో మాత్రం నేర్చుకోవచ్చు.

2012లో స్పెయిన్ పరిశోధకులు 1955 నుంచి 2010 వరకు వచ్చిన 4,64,411 రికార్డింగులను కంప్యూటరుతో విశ్లేషించారు. ఒక స్వరం నుంచి మరో స్వరానికి పోయే దారులు తగ్గుతూ వచ్చాయనీ, వాద్యాల నాదాలలో రకాలు తగ్గి ఒకే పోలికకు వస్తున్నాయనీ, శబ్ద తీవ్రత క్రమంగా పెరిగిందనీ తేల్చారు. మైకుసెట్టు అన్న ముల్లు గురించి చెప్పినది ఈ మూడోదే. ఆయన లక్షల పాటలు కొలవలేదు, వేలు పెట్టి చూశాడు, రెండూ ఒకటే తేలాయి.

మాస్టారు సంతోషించే లోపు రెండవది కూడా చెప్పాలి. 2015లో లండన్ పరిశోధకులు అమెరికాలో 1960–2010 మధ్య అత్యంత ఆదరణ పొందిన పాటలు సుమారు 17,000 తీసుకొని చూశారు. పాటలన్నీ క్రమంగా ఒకే మూసలోకి వస్తున్నాయన్న మాటకు వారికి ఆధారం దొరకలేదు. 1980లలో వైవిధ్యం ఒకసారి తగ్గింది, అది కృత్రిమ వాద్యాలు, డ్రమ్ మెషిన్లు ముంచెత్తిన కాలం. తరువాత మళ్ళీ పెరిగింది. 1964, 1983, 1991 ప్రాంతాలలో పెద్ద మలుపులు వచ్చాయి, వాటిలో 1991 నాటిది అన్నిటికంటే పెద్దది. ఒక కొలతకు దిగుడు కనబడింది, మరో కొలతకు ఎగుడుదిగుడు కనబడింది. ‘నాణ్యత’ అనేదానికి రెండింటిలోనూ కొలబద్ద లేదు. స్వరాల దారులు తక్కువైతే పాట చెడ్డదని ఎవరు చెప్పారు? మన జోలపాటలో ఎన్ని స్వరాలుంటాయి?

మేళం వారి మనవడు:

జోలపాట మాట రాగానే నాకు ఉండబట్టలేదు. మాది శ్రీకాళహస్తి దగ్గర నాదస్వరం కుటుంబం. నేను మూడవ తరం. మాస్టారు విన్న మేళం మాది కాకపోయినా మాలాంటివారిదే.

మా తాత సినిమా పాట వాయించడానికి ఒప్పుకునేవాడు కాదట. అరవైలలో, భోజనాల వేళ సినిమా పాట కావాలని పెళ్ళివారు పట్టుబడితే, సీవాళిని, అంటే నాదస్వరం ఊదే పీకను, తీసి చొక్కా జేబులో వేసుకొని, కాఫీ తాగి వస్తానని లేచి వెళ్ళిపోయేవాడట. త్యాగరాజ కీర్తన వాయించే నోటితో ఈ కూతలేమిటన్నది ఆయన కోపం. ఆ ‘కూతలే’ ఇప్పుడు ఈ చర్చలో మాస్టారు వెన్నెముక ఉందంటున్న పాటలు. మా నాన్న వాటిని ఇష్టంగా నేర్చుకున్నాడు. పాత క్యాలెండరు కాగితాల వెనక స్వరాలు రాసి, ఇనప్పెట్టెలో దాచుకున్నాడు. ఆ కాగితాలు ఇప్పుడు నా దగ్గర ఉన్నాయి. నిజానికి ఈ చర్చ చదివాక నిన్న రాత్రి వాటిని తీసి చూశాను. ఒక్కొక్క పాటకు పల్లవి ఒక కాగితం, చరణాలకు మరో కాగితం. ఎందుకంటే చరణం వరస పల్లవి వరసకు వేరు. కొన్ని పాటల్లో రెండవ చరణానికి మళ్ళీ వేరే వరస. నేను ఇప్పటి పాటలు ఫోనులో విని రాసుకున్న నోటు పుస్తకంలో ఒక పాట సగం పేజీలో అయిపోతోంది. ఇది ఎవరినీ నిందించడానికి చెప్పడం లేదు, కాగితం లెక్క చెబుతున్నాను.

ఇక వాయించేటప్పుడు సంగతి వేరు. నాదస్వరానికి మీటలు ఉండవు. రంధ్రాన్ని వేలు ఎంత మూసింది, పెదవి ఎంత బిగిసింది, ఊపిరి ఎంత వదిలామన్న దాని మీద స్వరం కదులుతుంది. పాత గాయకులు ఒక స్వరం మీద నిలిచినప్పుడు అది సన్నగా ఊగుతూ ఉంటుంది, ఆ ఊపును మేము పట్టుకుంటాము. కొత్త పాటల్లో చాలావాటిలో స్వరాన్ని కంప్యూటరులో సరిచేసి గీత గీసినట్టు నిలబెడతారు. ఉన్నదున్నట్టు వాయిస్తే రైలు కూత వినబడుతుంది. స్వరాన్ని ఊపే మా గమకం మేము వేసుకోవలసిందే. మాట్లాడినట్టు గబగబా చెప్పే చోట్లు వస్తే అసలు చేయగలిగింది లేదు. డోలు అన్నను చూసి కన్ను గీటుతాను, ఆయన ఆ చోటును దరువుతో నింపుతాడు.

కానీ ఈ ఇరుకులోనే మాకు ఒక లాభం ఉంది. నాలుగైదు స్వరాల పాట ఇస్తే ఆ స్వరాల రాగం పట్టుకొని పది నిమిషాలు విస్తరించవచ్చు. పెద్ద పాట ఇస్తే దానిని చెడగొట్టకుండా వాయించడమే మాకు పని. కిందటి ఏడాది పీలేరులో ఒక పెళ్ళిలో ఓ కొత్త పాట అడిగారు. పల్లవి రెండు సార్లు వాయించి రాగంలోకి వెళ్ళిపోయాను. పెళ్ళికొడుకు తాత లేచి వచ్చి వంద రూపాయల నోటు పంచె మడతలోంచి తీసి చేతిలో పెట్టి, ఏ కీర్తన నాయనా ఇది అని అడిగాడు. నేను నిజం చెప్పలేదు.

తిరుచానూరు కుర్రవాడు:

పెద్దలందరికీ నమస్కారాలు. నేను ఇంజనీరింగ్ మూడవ సంవత్సరం. ఇప్పటి పాట గురించి మాట్లాడుతున్నవారిలో దానిని ఇప్పటి తీరున వినేవారు ఎవరూ ఉన్నట్టు లేరు. మేము పెళ్ళి మంటపంలో వినము, అక్కడ గెంతుతాము. వినడం రాత్రి హాస్టలులో, చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని. అలా విన్నప్పుడు ఎడమ చెవిలో దూరంగా ఒక వేణువు, కుడి చెవిలో గాయని ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా తెలుస్తాయి. ఆ పనితనం బాకా స్పీకరు పాటలో ఉండటానికి వీలే లేదు. మాస్టారు ఆ రాత్రి విన్న పాటల్లో ఒక్కదానిని ఇయర్‌ఫోన్లలో విని, ఆ తరువాత తీర్పు చెప్పాలని నా మనవి.

లెక్కల మాస్టారి జాబితాకు నాదొకటి చేరుస్తాను. 2013లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇరవై ఏళ్ళ వయసు విద్యార్థులకు 1955 నుంచి 2009 వరకు వచ్చిన హిట్ పాటలు వినిపించారు. వారికి తమ కాలపు పాటలతో పాటు, తమ తల్లిదండ్రుల యౌవనంలో వచ్చిన పాటల మీద కూడా ప్రత్యేకమైన మక్కువ, జ్ఞాపకాలు కనబడ్డాయి. ఇల్లు, కారు, వంటగది నేర్పిన పాటలవి. మా అమ్మ దోసెలు పోస్తూ పాడే 1980ల పాటలన్నీ నాకు చరణాలతో సహా వచ్చు. అవి గొప్పవి కాబట్టి వచ్చాయా, దోసెలతో కలిసి వచ్చాయా అన్నది నాకు ఎంత ఆలోచించినా తేలలేదు.

ఒక లోపం మాత్రం ఒప్పుకుంటాను. మేము పాటను ముక్కలుగా వింటున్నాము. రీల్‌లో ఇరవై సెకన్ల ముక్క తెలుస్తుంది, ఆ ముక్క వేల సార్లు తెలుస్తుంది, మిగతాది తెలియదు. స్పాటిఫైలో పాటను 30 సెకన్లు వింటేనే లెక్కలోకి వస్తుంది కాబట్టి, పెద్ద ఆలాపనతో, నిదానమైన వాద్యంతో మొదలుపెట్టే ధైర్యం ఎవరికి ఉంటుంది?

స్వర్ణముఖి:

తమ్ముడూ, వెనకటి పాటలు మూడు నిమిషాలు, మూడున్నర నిమిషాలు ఎందుకు ఉన్నాయో తెలుసా? 78 ఆర్‌పీఎం రికార్డుకు ఒక వైపు పట్టేది అంతే. లక్క పళ్ళెం కొలత పెట్టింది, దానిలోనే వారు మూడు చరణాలు కుదించారు. ఇప్పుడు ఫోను కొలత పెడుతోంది. కొలత ఉండటం కొత్త కాదు. ఆ కొలతలో ఏమి పెట్టారన్నదే చూడాలి.

అలిపిరి వాసి:

కుర్రవాడి మాట మన్నించి మనవరాలి ఇయర్‌ఫోన్లు అడిగి తీసుకున్నాను. పెళ్ళిలో మోగిన పాటల పేర్లు ఆమె చెప్పగా మూడు విన్నాను. ఒప్పుకోవలసినవి ఒప్పుకుంటాను: వాటిలో ఒకదానిలో వీణ ఉంది, మంటపంలో అది ఉన్నట్టే తెలియలేదు. గాయని గొంతు బాగుంది. మైకుసెట్టు గారు చెప్పినట్టు నేను పెట్టెను విని పాటను తిట్టాను. స్వర్ణముఖి గారి వడపోత మాటకు కూడా నా దగ్గర జవాబు లేదు. నేను కాలేజీలో ఉన్నప్పుడు నోరారా తిట్టుకున్న పాటలు కొన్ని ఇప్పుడు పేరు కూడా గుర్తు రావడం లేదు.

అయినా మాట దగ్గర నేను లొంగను. ఆ మూడింటిలో ఒక పాట సాహిత్యాన్ని తెరమీద అక్షరాలుగా పెట్టుకొని చదివాను. రెండు పంక్తులకు ఒకసారి ప్రాస కోసం ఒక ఇంగ్లీషు మాట. క్రియ లేని వాక్యాలు. ఎవరు ఎవరితో అంటున్నారో తెలియదు. ఇదే కొండ మీద, అయిదు వందల ఏళ్ళ కిందట, అన్నమయ్య పామరుల మాటలతోనే ఎంత చెప్పాడు?

స్వర్ణముఖి:

అన్నమయ్యను తెస్తారని ఎదురుచూస్తూనే ఉన్నాను. రాగిరేకుల మీద ఆయన సంకీర్తనలకు రాగం పేరు ఉంది, స్వరం లేదు. ఆయన వరసలు మనకు దక్కలేదు. ఇప్పుడు మనం పాడేవి రాళ్ళపల్లి అనంతకృష్ణ శర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణ ప్రసాద్ గార్ల వంటివారు మన కాలంలో కట్టినవి. జాజర, సువ్వి, ఏల, కోలాటం, అన్నీ ఆ నాటి వీధిలోని జనం పాటల అచ్చులు. ఆయన వాటిలో తన మాట పోశారు. తన పాటలను అనుకరించి చెడగొట్టేవారిని ఎద్దేవా చేస్తూ ఆయనే ఒక సంకీర్తన రాశారంటే, పాట పాడైపోతోందన్న బాధ ఎప్పటి నుంచి ఉందో చూడండి.

కానీ క్రియ లేని వాక్యాల గురించి మీరన్నది నిజం. బాణీ ముందు, మాట తరువాత అన్న పద్ధతి కొత్తదేమీ కాదు, వేటూరి గారూ సిరివెన్నెల గారూ ఆ పద్ధతిలోనూ గొప్ప పాటలు రాశారు. ఇప్పుడు బాణీతో పాటు దరువు కూడా ముందే బిగుసుకొని వస్తోంది, దీర్ఘాక్షరానికి చోటు ఉండటం లేదు. తెలుగు మాట చివర అచ్చు ఉంటుంది. దానికి సాగే చోటు ఇవ్వకపోతే ఊపిరి ఆడదు. పొట్టి ఇంగ్లీషు మాటను తెచ్చి అక్కడ పెట్టడానికి కారణం చాలా సార్లు అదే. పిల్లలకు నేర్పేటప్పుడు నాకు ఇది రోజూ అనుభవం: పాత పాటను శ్రుతిపెట్టె ఒక్కటే పెట్టి పాడించగలను, కొత్త పాటకు పిల్లలు ట్రాక్, అంటే వెనక వాద్యాల రికార్డింగు, కావాలంటారు. ట్రాక్ తీసేస్తే వారికి ఎక్కడ ఎత్తుకోవాలో తెలియదు.

మైకుసెట్టు:

కరెంటు పోయినప్పుడు మాకూ అదే తెలుస్తుంది అమ్మా. పాత పాట మధ్యలో కరెంటు పోతే మిగతాది జనమే పాడేస్తారు. కొత్త పాటలో పోతే జనరేటరు ఎక్కడని నన్ను అడుగుతారు.

అలిపిరి వాసి:

మూడు రోజుల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించాలి. నిన్న సాయంత్రం నడకకు వెళ్తే, మా వీధి చివర గుడి దగ్గర కోలాటం అభ్యాసం జరుగుతోంది. పాకాల వైపు పల్లెల నుంచి వచ్చిన ఇరవై మంది ఆడవాళ్ళు, మర్నాడు కొండకు పోవలసినవారు. డప్పు లేదు, మైకు లేదు, కోలలు, నోళ్ళు. గోవింద నామాల పాట ఒకటి పాడారు; వరస నాకు ఎంత నచ్చిందంటే పూర్తయ్యే వరకు అరుగు మీద కూర్చున్నాను. వారి గురువమ్మను అడిగితే, ‘సినిమా వరసే సామీ, మాటలు మేమే కట్టుకున్యాము’ అని ఆ సినిమా పేరు చెప్పింది. ఇంటికి వచ్చి వెతికితే, నేను ఇయర్‌ఫోన్లలో విన్న మూడింటిలో రెండవది.

కాబట్టి ట్రాక్ లేకుండా ఆ పాట నిలబడింది, నేను విన్నాను. కాకపోతే వారు మాటలన్నీ తీసేసి తమవి పెట్టుకున్నాక నిలబడింది. నా ఫిర్యాదును ఆ మేరకు కుదించుకుంటున్నాను, ఉపసంహరించుకోవడం లేదు.

మేళం వారి మనవడు:

మాస్టారూ, ఆ సినిమా పేరు ఇక్కడ రాస్తే నేనూ నేర్చుకుంటాను. వచ్చే వారం రేణిగుంటలో పెళ్ళి ఉంది. గురువమ్మ కట్టిన మాటలు కూడా దొరికితే పంపండి. మాట తెలిస్తే ఊపిరి ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.